ట్యాంకు మూత మీద పసుపు

నెల రోజులుగా నా పాత బైకు నాలుగు కిలోమీటర్లు వెళ్లగానే నడిరోడ్డు మీద ఆగిపోతోంది. పెట్రోలుందో లేదోనని ట్యాంకు మూత తీసి చూస్తే మళ్లీ స్టార్టవుతోంది. కార్బరేటర్ రెండుసార్లు విప్పించి, ఇక అమ్మేద్దామనుకున్నాను. ఈ రోజు రుషికొండ దగ్గర ఆగితే అక్కడి మెకానిక్ మూత చూసి నవ్వాడు.

"కార్బరేటర్‌కి ఏటీ అవలేదు బావా. మూతకి పసుపెవులు రాసినారు? గాలెల్లే కన్నం మూసుకుపోనాది. గాలెల్లకపోతే పెట్రోలు కిందకి దిగదు."

నెల కిందట పండక్కి బండికి పూజ చేసి మొదట రాసింది మా ఆవిడే. బండి ఆగిపోతోందని ప్రతి శుక్రవారం దానికి పూజ చేసి, మూతకి ఇంకో పూత వేస్తోంది. పిన్నుతో కన్నం పొడిచాక సీతమ్మధారలోని మా ఇంటిదాకా బండి ఆగలేదు.

సంగతి చెబితే ఆవిడ తాపీగా, "సరైన మెకానిక్ దగ్గరే ఆగింది కదా. పూజ పనిసేసినట్టే" అంది.

దీనికి జవాబు తెలిసిన భర్తలెవరైనా ఉంటే కామెంట్లో చెప్పండి.