సరళా మేడం, మామూలు సబ్బు

పోయిన వారం ద్వారకా నగర్‌లో ఒక మందుల షాపు ముందు నిలబడి ఉన్నాను. సన్నగా తుంపర పడుతోంది. నా ముందున్న ఒకావిడ చేతులు కడుక్కునే మందు సబ్బు సీసా మూత తీసి వాసన చూసి, "మామూలు సబ్బు కంటే ఇది మంచిదేనా బాబూ?" అని షాపతన్ని అడిగింది. "క్రిములన్నీ చచ్చిపోతాయమ్మా" అన్నాడతను. ఈలోగా ఆ ఘాటు నా దాకా వచ్చింది. ఆసుపత్రి వరండాలో నిమ్మతొక్క నలిపినట్టుండే వాసన. బస్సుల హారన్లు ఎక్కడికో జరిగిపోయాయి. తెల్లవారుతున్న వేళ చేపల రేవు పక్కన ఉన్న రొయ్యల షెడ్డు కళ్ళ ముందుకొచ్చింది. ఐసు గడ్డల మీంచి లేచే ఆవిరి, ఆ ఆవిరిలోంచి నడిచివచ్చే ఒక మనిషి. ముందు తెల్ల రబ్బరు బూట్లు కనిపించేవి, తరవాత కోటు, ఆఖరున కళ్ళజోడు. ఆవిడే సరళా మేడం. ఆ షెడ్డులో ల్యాబుకి పెద్ద. నాకు మొట్టమొదటి బాస్.

మాది రేవు దగ్గర వీధి. నాన్న బోటు మీద వేటకి వెళ్ళేవాడు, అమ్మ గంపలో చేపలమ్మేది. మా వీధిలో సైన్సు డిగ్రీ చదివిన మొదటి ఆడపిల్లని నేనే. చదువయ్యాక ఆ షెడ్డు ల్యాబులో, సరుకులో క్రిములున్నాయేమో పరీక్షించే ఉద్యోగం దొరికింది. మా వీధి ఆడవాళ్ళు చాలామంది అదే షెడ్డులో రొయ్యల తలలు తీసి, పెంకు ఒలిచే పనికి వెళ్ళేవారు. తెల్ల కోటు వేసుకుని వాళ్ళ ముందు నుంచి నడుస్తుంటే నాకు గర్వంగానూ ఉండేది, ఎక్కడో మొహమాటంగానూ ఉండేది.

మొదటి రోజు మేడం నా సర్టిఫికెట్లు చూడలేదు. "చేతులు కడుక్కో మంగా" అన్నారు. నేను సబ్బు ముట్టుకుని, రెండరచేతులూ రాసుకుని, కుళాయి కింద పెట్టి తీసేశాను. ఆవిడ నవ్వలేదు, కోప్పడలేదు. తన కోటు చేతులు పైకి మడిచి నా పక్కన నిలబడ్డారు. మామూలు సబ్బు బిళ్ళ తీసుకుని, నురగ వచ్చేదాకా తొందర లేకుండా రుద్దుకున్నారు. వేళ్ళ సందులు, గోళ్ళ అంచులు, బొటనవేళ్ళ చుట్టూ, మణికట్టు దాకా. ఏదో రాగం లోపల్లోపల తీస్తున్నారు. కిటికీలోంచి ఎండ నురగ మీద పడి రంగులు తిరుగుతుంటే, నేను చూస్తున్నది పాఠమన్న సంగతే మరిచిపోయాను.

"జిడ్డుని పట్టుకుని మురికి ఉంటుంది, మురికితో పాటు క్రిములుంటాయి. సబ్బు ఆ పట్టు వదిలిస్తుంది. తరవాత నీళ్ళు తీసుకుపోతాయి. చంపాల్సిన పని లేదమ్మా, వదిలిస్తే చాలు. దానికి కాస్త టైమివ్వాలి, అంతే" అన్నారు.

"మరి మందు కలిపిన సబ్బులెందుకు మేడం?"

"ఆపరేషన్ గదుల సంగతి వేరు, అక్కడ వేరే పద్ధతులుంటాయి. మన రోజువారీ చేతులకి ఇదే చాలు." అలా అని చేతులు దులుపుకుని, శుభ్రమైన గుడ్డతో ఒక్కొక్క వేలూ తుడుచుకున్నారు. ఆవిడ ఏ పని చేసినా అలాగే చేసేవారు. ఆవిడ పక్కన నిలబడితే గడియారం మెల్లగా తిరుగుతున్నట్టుండేది. మధ్యాహ్నాలు ఓడ కూత వినిపిస్తే చేస్తున్న పని ఆపి, అది పూర్తయ్యేదాకా వినేవారు. ఎందుకు మేడం అంటే, "అంత దూరం నుంచి వచ్చింది, వినకపోతే ఎలా" అనేవారు. కంచరపాలెంలో రైలు పట్టాల పక్క ఇంట్లో పెరిగిన మనిషి కదా, శబ్దాలంటే విసుగుండేది కాదు.

ఆ వానాకాలంలో షెడ్డు చూడడానికి బయటి దేశం నుంచి మా రొయ్యలు కొనే బయ్యర్లు వస్తున్నారని కబురొచ్చింది. మా మేనేజరు హడావిడి మనిషి, చెడ్డవాడు కాదు. కుళాయిల దగ్గరున్న మామూలు సబ్బులన్నీ తీయించి, కొత్తగా వచ్చిన ఘాటైన మందు సబ్బు సీసాలు పెట్టించాడు. "ఇంక మనకి భయం లేదు మేడం, ముట్టుకుంటే చాలు, క్రిమి చచ్చినట్టే" అన్నాడు. మేడం ఒక సీసాని తిప్పి చూసి, "ముట్టుకుంటే చాలని మాత్రం ఆడవాళ్ళకి చెప్పకండి" అన్నారు. కానీ ఆ మాట అప్పటికే షెడ్డంతా పాకిపోయింది.

రోజంతా ఐసు నీళ్ళలో నానిన చేతులవి. రొయ్య ముల్లు గుచ్చుకున్న చేతులవి. వాటి మీద ఆ ఘాటు సబ్బు పడితే మండేది. మంటకి ఓర్చుకోలేక ఆడవాళ్ళు సబ్బు అలా తాకించి, ఇలా కడిగేసుకునేవారు. కొన్నాళ్ళకే చర్మం ఎండి, వేళ్ళ కణుపుల దగ్గర పగుళ్ళు మొదలయ్యాయి. ల్యాబులో మేము వాళ్ళ వేళ్ళు జెల్లీ పరిచిన గాజు ప్లేట్ల మీద అద్దించి, వెచ్చటి పెట్టెలో ఉంచేవాళ్ళం. క్రిములుంటే అవి పెరిగి మీగడ చుక్కల్లా కనిపిస్తాయి. ఖరీదైన సబ్బు వచ్చాక చుక్కలు తగ్గాల్సింది పోయి పెరగసాగాయి.

మా పక్కింటి పోలమ్మత్త నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. అమ్మ గంప ఎత్తుకుని వెళితే నాకు అన్నం పెట్టింది ఆవిడే. ఆ రోజు ప్లేటు ముందుకు జరిపితే ఎడం చెయ్యి చాపింది. కుడి చెయ్యి కొంగులో ఉంది.

"అది కూడా అత్తా."

"ఏటే మంగా, ఒక సెయ్యి సాలదేటి?"

"సూపించవే."

కొంగు తీసింది. బొటనవేలి మొదట్లో చర్మం చీలి, లోపల ఎర్రగా కనిపిస్తోంది. "ఎవులికీ సెప్పీకే పాపా. నాను ఇంట్లో కూకుంటే పిల్లలకి ఎవులు తెత్తారు?" అంది నెమ్మదిగా. ఆ చేత్తో తిండి సరుకు ముట్టుకోకూడదు. అది నాకు తెలుసు, ఆవిడకీ తెలుసు. నేను వెళ్ళి మేడంకి చెప్పాను. పుండు మానేదాకా పని మాన్పించాల్సి వచ్చింది. షెడ్డులో పని లేని రోజుకి కూలి లేదు.

ఆ సాయంత్రం మా వీధిలో ఎవరూ నాతో మాట్లాడలేదు. పోలమ్మత్త గుమ్మంలో నిలబడి అందరికీ వినపడేలా, "సదివించింది మా సేతులకి వంకలెట్టడానికేటే?" అంది. అమ్మ కూడా తల దించుకుంది. నేను చేసింది తప్పు కాదని నాకు తెలుసు. అయినా కంచం ముందు నుంచి లేచిపోయాను.

మర్నాడు ఆ మాట చెప్పి మేడం ముందు ఏడ్చేశాను. ఆవిడ ఓదార్చలేదు. "మీ ఇంటికి దారి ఎటు?" అని అడిగారు. షిఫ్టు అయ్యాక నాతో నడిచి మా వీధికి వచ్చారు. ఎండు చేపల వాసన, ఆరబెట్టిన వలలు, సముద్రం మీద పల్చగా పరుచుకున్న నారింజ రంగు. ఇప్పుడు తలుచుకుంటే ఆ సాయంత్రం ఎంతకీ చీకటి పడనట్టే అనిపిస్తుంది. నిజంగా అంత వెలుగు ఉందో, నేనే కలుపుకున్నానో చెప్పలేను. మేడం నేరుగా పోలమ్మత్త గుమ్మంలో, నేల మీద కూర్చున్నారు. కుర్చీ తెస్తానంటే వద్దన్నారు.

"చెయ్యి ఇలా ఇవ్వు పోలమ్మా."

"వద్దమ్మా, సేపల కంపు."

"నేనూ రోజంతా ఆ కంపులోనే ఉంటాను. ఇవ్వు."

ఆ చేతిని తన ఒళ్ళో పెట్టుకుని, నీళ్ళు, మామూలు సబ్బు తెప్పించి మెల్లగా కడిగారు. మెత్తగా అద్ది, పగులు చుట్టూ కొబ్బరినూనె రాసి, పుండు మీద కట్టు కట్టారు. "ఎప్పుడు మొదలైంది మంట?" అని అడిగారు. "ఆ కొత్త సబ్బు ఎట్టినకాణ్ణించేనమ్మా. రుద్దితే మంట. రుద్దకపోతే మేనేజరు బాబు సూత్తన్నాడు. ఏటి సెయ్యాల?" అంది పోలమ్మత్త. చుట్టూ చేరిన ఆడవాళ్ళు ఒక్కొక్కరే తమ చేతులు చాపారు. ఒకరిద్దరివి కావు, గుమ్మం ముందంతా చేతులే. మేడం అందరివీ చూశారు. లేచేటప్పుడు, "మంగ చెప్పకపోతే నాకు తెలిసేది కాదు" అని మాత్రం అన్నారు. పోలమ్మత్త నా వైపు చూడలేదు గానీ, లోపలికెళ్ళి రెండు గ్లాసుల టీ తెచ్చి, మేడంకి ఒకటి, నాకు ఒకటి ఇచ్చింది.

తరవాత మేడం చేసిన పని చాలా మామూలుది. పగుళ్ళు లేని ఆడవాళ్ళని పిలిచి, కొందరికి మందు సబ్బు, కొందరికి మామూలు సబ్బు ఇచ్చారు. అందరూ ఒకేలా, తనతో పాటు, నిదానంగా రుద్దుకోవాలి. తన రాగం అందుకోమన్నారు. ఆడవాళ్ళు సిగ్గుపడి, నవ్వి, చివరికి వలలు లాగేటప్పుడు పాడే పాట ఎత్తుకున్నారు. షెడ్డు అంతా పాట, నురగ, ఐసు ఆవిరి. ప్లేట్లు పెట్టెలో పెట్టాం. ఏది ఏ సబ్బుదో అడుగున గుర్తు రాసుకున్నాం.

చుక్కలు పెరిగాక మేడం మేనేజరుని ల్యాబుకి పిలిచి, ప్లేట్లన్నీ బల్ల మీద పరిచారు. "వీటిలో మీ ఖరీదైన సబ్బు వాడిన చేతులవి ఏవో తీసి పక్కన పెట్టండి" అన్నారు. ఆయన వంగి చూశాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. అన్నిటిలోనూ అక్కడక్కడా చుక్కలే.

"అన్నీ ఒకలాగే ఉన్నాయేంటి మేడం?"

అప్పుడావిడ రోజూ హడావిడిగా కడిగిన చేతుల ప్లేటు ఒకటి చూపించారు. దాన్నిండా చుక్కలే. "ఇది మందు సబ్బే. కానీ మంటకి రుద్దుకోలేదు. లోకం సంగతి నేను చెప్పను సార్, మన షెడ్డులో మన చేతుల మీద చూసిందే చెబుతున్నాను. సబ్బు మారిస్తే తేడా రాలేదు, రుద్దితే వచ్చింది. పైగా పగిలిన చర్మంలో క్రిములు దాక్కుంటాయి. మీ సబ్బు వాటికి ఇళ్ళు కట్టి ఇస్తోంది."

ఆయన ఆ ప్లేటుని వెలుతురుకి పట్టుకుని చూశాడు. "బయ్యర్లకి సీసా కనిపిస్తే ఒక ధైర్యం మేడం" అన్నాడు చివరికి. "అయితే మీ ఆఫీసు బాత్రూములో పెట్టండి, వాళ్ళు వెళ్ళేది అక్కడికే" అన్నారు మేడం. ఆయనకి నవ్వొచ్చేసింది. కుళాయిల దగ్గరికి మామూలు సబ్బు తిరిగొచ్చింది. షిఫ్టు అయ్యాక రాసుకోడానికి కొబ్బరినూనె పెట్టారు. పోలమ్మత్తలా పగుళ్ళతో పని ఆగినవాళ్ళు చేతులు మానాక ఒక్కొక్కరే వచ్చారు. పోలమ్మత్త వచ్చిన రోజున ల్యాబు గుమ్మం దగ్గర ఆగి, అడక్కుండానే రెండు చేతులూ ప్లేటు మీద పెట్టింది. "సూసుకోయే డాట్రమ్మా" అంది.

కొన్నేళ్ళకి మేడం రిటైరయ్యారు. నేను వేరే ఉద్యోగంలో చేరాను, షెడ్లలో పనివాళ్ళకి శుభ్రత నేర్పే పని. ఆ తరవాత కరోనా వచ్చింది. మా వీధిలో భయం పట్టుకుంది. మందు సబ్బు సీసాలు ఎక్కడా దొరకలేదు. దొరక్కపోతే చచ్చిపోతామన్నట్టు జనం తిరుగుతున్నారు. మేడంకి ఫోన్ చేశాను. అవతల రైలు వెళుతున్న చప్పుడు. అది వెళ్ళేదాకా ఆవిడ ఆగారు.

"ఇంట్లో బట్టల సబ్బో ఒంటి సబ్బో ఉంటుందిగా. అదే చాలు. నీళ్ళు వస్తున్నాయా?"

"రోజు విడిచి రోజు, బిందెల లెక్కన."

"అయితే సబ్బు గురించి నన్ను అడుగుతావేమ్మా? నీళ్ళ కోసం పోట్లాడు" అన్నారు.

ఆ మాట విని నేను కాసేపు మేడ మెట్ల మీద కూర్చుండిపోయాను. ఇన్నేళ్ళు సబ్బు గురించి, రుద్దడం గురించి చెబుతూ వచ్చాను. కడగడానికి నీళ్ళు ఉన్నాయో లేదో ఎవరినీ అడగలేదు, ఎందుకంటే షెడ్డులో అవి ఎప్పుడూ ఉండేవి. మర్నాడు పోలమ్మత్త ముందు, మేమంతా వెనక, మూతులకి గుడ్డలు కట్టుకుని, ఖాళీ బిందెలతో వార్డు ఆఫీసుకి వెళ్ళాం. "సేతులు కడగమని టీవీలో సెప్తన్నారు. దేంతో కడగాల బాబూ, ఉమ్ముతోనా?" అని అడిగింది పోలమ్మత్త. అక్కడి కుర్రాడు ముందు విసుక్కున్నాడు, తరవాత ఎవరికో ఫోన్ చేశాడు. నాలుగైదుసార్లు తిరిగాక మా వీధి మొదట్లోకి పొద్దున్నే ట్యాంకరు రావడం మొదలైంది. ఆ సంగతి చెప్పడానికి ఫోన్ చేస్తే మేడం మురిసిపోయి, ట్యాంకరు చప్పుడు వినిపించమన్నారు. ఫోను పైకెత్తి పట్టుకున్నాను. బిందెలో నీళ్ళు పడుతున్న చప్పుడు ఆవిడ చివరిదాకా విన్నారు.

పోయినేడు మేడం పోయారు. నిద్రలోనే, నిశ్శబ్దంగా. నాకు ఆలస్యంగా తెలిసింది. పోలమ్మత్తకి చెబితే తన రెండు చేతులూ తిప్పి చూసుకుంది.

ఇప్పుడు ఏ షెడ్డుకి పాఠం చెప్పడానికి వెళ్ళినా, కొత్తగా చేరిన ఆడపిల్లలు ఎవరో ఒకరు అడుగుతారు, "మేడం, ఏ సబ్బు మంచిది?" అని. జవాబు నాకు తెలుసు, చెబుతాను కూడా. కానీ ముందు చేతులు కడుక్కునే చోటి దాకా నడిచి వెళ్ళి, కుళాయి తిప్పి చూస్తాను.