కుట్లు పైకి పెట్టిన ఎలుగుబంటి వేషం

మొన్న మంగళవారం పొద్దున్నే అమ్మ ఫోన్ చేసి, "ఖాలా పోయిందే" అంది. "ఎప్పుడు?" అంటే, "రాత్రి, కడపలోనే. మధ్యాహ్నానికి మట్టి చేసేస్తారంట" అంది. హైదరాబాద్ నుంచి ఎంత పరిగెత్తినా అందుకోలేను. అప్పట్నుంచీ నాకు ఒకచోట కాలు నిలవడం లేదు. కుక్కర్ పెట్టి మర్చిపోతున్నాను. బీరువా తెరిచి, ఎందుకు తెరిచానో తెలీక మూసేస్తున్నాను. మనిషి లేదన్న బాధ ఒకటైతే, చివరిచూపు దక్కలేదన్న ఉక్రోషం ఇంకొకటి. ఏడుపూ రాదు, కుదురూ లేదు. అందుకే రాస్తున్నాను, ఏమనుకోకండి.

ఆమె మాకు చుట్టం కాదు. తొంభైల మొదట్లో మేం మస్కట్‌లో, బౌషర్‌లో ఉండేవాళ్లం. మా పై ఇల్లు ఆమెది. మాదీ కడపే, వాళ్లదీ కడపే. భర్త కంపెనీలో డ్రైవరు. ఆమె ఇంట్లోనే మిషన్ పెట్టుకుని చుట్టుపక్కల ఆడవాళ్లకు జాకెట్లు, నైటీలు కుట్టేది. అమ్మ ఆమెను అక్కలా 'ఆపా' అనేది, నేను పెద్దమ్మలా 'ఖాలా' అనేదాన్ని. తిట్టినా ముద్దు చేసినా ఆమెది ఒకటే గొంతు. ఏది తిట్టో ఏది ముద్దో చేతిలో ఖర్జూరం పెట్టాక గానీ తెలిసేది కాదు.

నేనప్పుడు రెండో క్లాసు. ఒంటి మీద బట్ట నిలవని పిల్లని. ఆ ఎండలకి ఒళ్లంతా చెమటకాయలు. లేసు గుచ్చుకున్నా ఎలాస్టిక్ బిగిసినా పిచ్చెక్కేది. ముందటేడు స్కూల్లో ఫ్యాన్సీ డ్రెస్సుకి అమ్మ నాకు జరీ పావడా కట్టి, అట్ట కిరీటం పెట్టి, రాణిని చేసి పంపింది. స్టేజి ఎక్కానో లేదో కిరీటం విసిరికొట్టి, పావడా విప్పేసి, షిమ్మీతో నిలబడ్డాను. హాలు హాలంతా ఘొల్లున నవ్వింది. ఆ తర్వాత 'క్లాసులో కుదురుగా కూర్చోదు' అని టీచర్ల నుంచి కబురు మీద కబురు. నాన్నకి విసుగొచ్చింది. "దీన్ని ఊర్లో మీ అమ్మ దగ్గర వదిలేద్దాం, అక్కడే చదువుకుంటుంది" అనేవాడు అమ్మతో. నేను తలుపు వెనక నిలబడి అంతా వినేదాన్ని. ఆ మాట విన్నరోజు నాకు అన్నం దిగేది కాదు.

ఇంతలో హాలోవీన్ వచ్చి పడింది. మాకెవరికీ అదేంటో తెలీదు. ఎదురు విల్లాలో ఉండే ఇంగ్లీషు మేడమ్ మా బిల్డింగ్ పిల్లల్ని కూడా పిలిచింది. కథల పుస్తకంలో ఉండేవాళ్లలాగా వేషాలేసుకుని రావాలట. అమ్మ అది వాళ్ల పాప పుట్టినరోజనుకుని గిఫ్టు ప్యాక్ చేయించింది. నేను ఎలుగుబంటి పిల్ల వేషమే కావాలని పట్టుబట్టాను. నాన్న ఒకటే మాటన్నాడు: "అక్కడ కూడా బట్టలు విప్పి పరువు తీసిందంటే ఇంక ఆలోచించేది లేదు. టికెట్ తీసేస్తా."

అమ్మ కంబళిలాంటి బొచ్చు బట్ట కొనుక్కుని పైకి పరిగెత్తింది. ఖాలా దాన్ని ముంజేతికి రుద్దుకుని చూసి పక్కన పడేసింది. "ఈ ఉక్కలో దీంట్లో నువ్వుంటావా చెల్లీ? మరి బిడ్డ ఏంటికుండాల?" వాళ్లాయనకి యజమాని ఇచ్చిన పాత దిష్‌దాషా ఒకటుంది, అరబ్బులు వేసుకునే పొడుగు చొక్కా. ఉతికి ఉతికి వెన్నలా మెత్తబడింది. గిన్నెడు టీ డికాషన్ కాచి దాన్ని అందులో నానేసింది. ఎలుగుబంటికి సరిపోయే రంగు వచ్చింది.

కొలతలు తీసే తీరు చూసి అమ్మకి మతిపోయింది. టేపు ముట్టుకుంటే ఒట్టు. "గెంతు. గొంతుక్కూర్చో. చేతులెత్తు. మంచం కింద దూరు" అంటూ నన్నే చూస్తా కూర్చుంది. "నిలబెట్టి కొలిస్తే నిలబడేదానికే పనికొస్తాది. ఇది నిలబడే పిల్ల కాదు" అంది. నన్ను ఆ మాట అన్నవాళ్లు బోలెడుమంది. తప్పు పట్టకుండా అన్నది ఆమె ఒక్కతే.

గొడవ కుట్ల దగ్గర వచ్చింది. ఖాలా కుట్లన్నీ పైకి పెట్టేసింది. లోపలంతా నున్నగా ఉంది, అంచులన్నీ బయటికి తేలాయి. అమ్మ నెత్తిన చేతులు పెట్టుకుంది. "అయ్యో ఆపా, తిరగేసి కుట్టినారే! నలుగురూ నవ్వరా?"

"నలుగురు చూసేది కాసేపు చెల్లీ. గుచ్చుకునేది బిడ్డకి."

తర్వాత సూదితో ఆ అంచుల్లో పోగులు లాగి, దువ్వెన పెట్టి దువ్వింది. పోగులన్నీ విచ్చుకుని బొచ్చులా లేచాయి. బనీను గుడ్డతో వదులు టోపీ కుట్టి, దానికి చెవులు పెట్టింది. మాస్కు వద్దంది, ముక్కు మీద కాటుక చాలంది.

ఆ సాయంత్రం అమ్మ ఊపిరి బిగబట్టుకుని నన్ను తీసుకెళ్లింది. అక్కడ రెక్కలవాళ్లు, కత్తులవాళ్లు, మాస్కులవాళ్లు. కాసేపటికి ఒకడు చెమటలు కక్కుతూ మాస్కు పీకేశాడు. ఒకతె రెక్కలు తీసి గోడకి ఆనించింది. నేను గడ్డిలో దొర్లాను, కుర్చీల కింద దూరాను. గిఫ్టు ఎవరికివ్వాలో తెలీక ఒళ్లోనే పెట్టుకుని, అమ్మ నా మీంచి కళ్లు తిప్పలేదు. చివరిదాకా వేషంతో మిగిలింది నేనే.

ఇంటికి రాగానే నాన్న నన్ను ఎగాదిగా చూశాడు. "అంతసేపూ విప్పలేదా?"

"లేదు" అంది అమ్మ.

"సర్లే, ఇక్కడే చదవనీ" అన్నాడు.

ఆ ముక్కతో నేను అమ్మానాన్నల దగ్గరే పెరిగాను. ఇది ఖాలాకి ఎన్నిసార్లు చెప్పినా, "నేనేం చేసినాను మ్మే, పాత గుడ్డ కుట్టినాను" అని కొట్టిపారేసేది. ఇప్పుడు చెబుదామంటే మనిషే లేదు. ఎంత కోపంగా ఉందో నాకు.

ఆ సాయంత్రం వేషం విప్పకుండానే పైకి పరిగెత్తాను. ఖాలా తలుపు తీసింది. బాగుందన్నారా అని అడగలేదు, ప్రైజొచ్చిందా అని అడగలేదు. "యాడన్నా గుచ్చుకుందా?" అంది.

ఆమెకి అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "మెడ వెనక" అన్నాను.

"మరి అంతసేపు ఎట్ల ఓర్చుకున్నావే?"

"ఊరికి పంపిచ్చేస్తారని."

ఖాలా అక్కడే గడప మీద కూలబడి, నన్ను వెనక్కి తిప్పుకుని, మెడ దగ్గర గుచ్చుకుంటున్న దారప్పోగు వెతికి పంటితో కొరికింది. ఆమె ఊపిరి మెడకి వెచ్చగా తగిలింది. దారం తెగింది. నేను మాత్రం అట్లాగే కదలకుండా నిలబడ్డాను.