నా ఇంగ్లీషూ, మా బావ ఏటీ

మద్రాసు కార్ల పందెంలో ఆ రోజు స్టీరింగు పట్టుకోవలసినవాణ్ని నేను. పట్టుకున్నవాడు మా బావ. అది అన్యాయం. ఇన్నేళ్లయినా అన్యాయమే.

ఆ రోజుల్లో, అంటే అరవయ్యో దశకం చివర్లో, మా శ్రీకాకుళం వైపు కారు తోలడం వచ్చినవాణ్ని పెళ్లిసంబంధాలే వెతుక్కుంటూ వచ్చేవి. నాకు కారుతో పాటు ఇంగ్లీషు కూడా వచ్చు. బడి చిన్నప్పుడే ఆగిపోతే, పకోడీల పొట్లాలు విప్పి ఆ కాగితాలు చదివి నేర్చుకున్నాను (నూనె మరక కింద పడ్డ మాటలు మాత్రం నాకిప్పటికీ రావు). మా బావ, అంటే మా అక్క మొగుడు, లారీ క్లీనరుగా మొదలై డ్రైవరైన మనిషి. ఆయన ఇంగ్లీషంతా లారీ వెనక్కి తీసేటప్పుడు అరిచే రెండు మాటలూ, ఉప్పు బస్తాలు లెక్కపెట్టే అంకెలూ.

ఇద్దరం నౌపడలో ఉప్పు మళ్ల షావుకారు దగ్గరే పనిచేసేవాళ్లం. ఆయనకి ఎవరో జమీందారు వదిలించుకున్న పాత విదేశీ కారొకటి ఉండేది. మద్రాసు పక్కన పాత విమానాల మైదానంలో పెద్ద పందెమనీ, సీమదొరలు కూడా వస్తున్నారనీ వినేసరికి ఆయనకి పూనకం వచ్చేసింది. “నా కారు దొరల పక్కన పరిగెట్టాల. మీ ఇద్దర్లో ఎవుడ్ని పందెమోళ్లు ఒప్పుకుంటే ఆడే తోల్తాడు,” అన్నాడు. నేను లోలోపల నవ్వుకున్నాను. ఒప్పించవలసింది ఇంగ్లీషులో కదా! పొందూరు పంచె పెట్లో పెట్టేసి, ప్యాంటు కుట్టించుకున్నాను. దారిపొడుగునా బావని ఓదార్చాను కూడా. “నీకూ పనుంటాది బావా. నీళ్ల డబ్బా పట్టుకుందువుగాని.”

అక్కడ పందెంవాళ్ల గుడారంలో టోపీ పెట్టుకున్న పెద్దమనిషి ముందు నన్నే పిలిచి, గంటకి ఎన్ని మైళ్ల వేగంతో నడుపుతావని ఇంగ్లీషులో అడిగాడు. నేను నిటారుగా నిలబడి, “థర్టీ ఫైవ్ సార్. సేఫ్టీ ఫస్ట్ సార్,” అన్నాను (అందులో ఒక్క తప్పు చూపించండి!). ఆయన నవ్వాపుకుంటూ నన్ను పక్కకి జరగమని, అదే ప్రశ్న బావని అడిగాడు. బావ తల ఓ పక్కకి వంచి, “ఏటి?” అన్నాడు.

“ఎయిటీ?” పెద్దమనిషి కళ్లు వెడల్పయ్యాయి.

“ఏటీ!” అన్నాడు బావ, ఇంకొంచెం గట్టిగా.

“వెరీ గుడ్!” అని ఆయన బావని నేరుగా పెద్ద పందెంలో, దొరల వరసలో పడేశాడు.

అది అంకె కాదయ్యా, మా వైపు 'ఏమిటి' అని అడగడమయ్యా అని చెబుదామంటే, ఆ ముక్క ఏ పకోడీల పొట్లంలోనూ రాలేదు. “నాట్ ఎయిటీ సార్! హీ ఈజ్ వాట్ సార్!” అని మొత్తుకున్నాను. నాకు ఎండదెబ్బ తగిలిందనుకుని మంచినీళ్లిచ్చారు.

జెండా ఊపారు. దొరల కార్లు తూనీగల్లా పోయాయి. మా షావుకారు కారు పెళ్లివారిలా బయల్దేరింది. దొరలు ఒక చుట్టు తిరిగి మా కారు వెనక్కి వచ్చేసరికి, బావ టెక్కలి రోడ్డు మీద బస్సుకి దారిచ్చినట్టే పక్కకి తీసి, కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి “పో, పో” అని ఊపాడు. అందరికన్నా ముందున్న దొర వెళ్తూ వెళ్తూ బావకేసి చెయ్యెత్తాడు. కాసేపటికి మా కారు పొగలు కక్కి ఆగిపోయింది. నీళ్ల డబ్బా పట్టుకుని పరిగెత్తింది ఎవరో చెప్పాలా?

అంతే పందెం. కానీ ఊళ్లో ఆ దొర చెయ్యి ఏడాదికేడాది పైకి లేచింది. మొదట “సెయ్యెత్తాడు”, తరవాత “దణ్ణవెట్టాడు”, ఆఖరికి “ఆగి మరీ దణ్ణవెట్టాడు”. శ్రీకూర్మం గుడికి వెళ్తే “రేసు డ్రైవరుగారు రావాలి” అని బావని ముందుకి పిలిచేవారు. చెప్పుల దగ్గర నేనుండేవాణ్ని. అక్కతో మొర పెట్టుకుంటే, “ఎందుకురా అంత కుళ్లు? నువ్వూ ఎళ్లావు కదా, నీళ్లు పొయ్యడానికి,” అంది.

ఇప్పుడు బావకి మోకాళ్లు పోయాయి. దొరలతో పరిగెత్తిన మనిషి వీధి చివరి దాకా నా భుజం పట్టుకుని నడుస్తాడు (ఇన్నాళ్లకి నా వేగమే ఆయనకి సరిపోతోంది). మొన్న అలా వెళ్తూ వెళ్తూ, ఇన్నేళ్లుగా అడగాలనుకున్నది అడిగేశాను. “నిజం సెప్పు బావా. ఆ రోజు ఆడు అడిగింది నీకు అర్థమయిందా, నేదా?”

బావ ఆగాడు. చుట్టుపక్కల ఎవరూ లేరని చూసుకుని, నా భుజం నొక్కి అన్నాడు:

“నీ థర్టీ ఫైవుకి ఆడు నవ్వడం సూసేనురా. ఎనబై అంటే అబద్దమైపోతాది. అందుకే ఏటీ అన్నాను. తప్పేటి?”