అంగారకుడి ఓడలో కాలు ఆనే చోటు

ఉస్తాద్ పేరు డ్రాయింగ్ మీదికెల్లి తీసేసింది నేనే. తర్వాత దిద్దుదామనుకున్న. సోమవారం పొద్దుగాల దవాఖానల ఆయన గుండె ఆగిపోయింది. ఇగ ఆయన ముందర ఒప్పుకునే మోకా లేదు. అందుకే మీ ముందర ఒప్పుకుంటున్న.

బాన్సువాడల పిట్లం రోడ్డు మీద ఆయన షెడ్డు. వరికోత మిషన్లు బాగుచేస్తుండె. ఇంటర్ ఫెయిలై నేను ఆయన దగ్గర వెల్డింగుకు చేరిన. అంగారకుడి మీదికి మనుషులు పోయే ఓడ డిజైన్ చెయ్యాలన్నది నా పిచ్చి. ఫోన్ల చూసి, తెలియని ఇంగ్లీషును మాట మాటకు వెతుక్కొని నేర్చుకున్న. ఎవరికి చెప్పినా నవ్విండ్రు. ఉస్తాద్ మాత్రం నాకు 'పైలట్' అని పేరు పెట్టి, "ఎంతమంది పోతరు? ఎన్ని దినాలు?" అని అడిగిండు. నలుగురు, పోవుడే ఏడెనిమిది నెలలు అన్న.

"మరి నడుమ ఖరాబైతే మెకానిక్ ఎవడు?"

ఆయనకొక అలవాటు. ఏ క్యాబిన్ కట్టినా ముందుగాల ఇనుము ముట్టడు. మనిషిని నేల మీద కూసోబెట్టి, పండబెట్టి, చుట్టూ సుద్దముక్కతో గీస్తడు. "ముందు మనిషి, తర్వాత మిషన్" అంటడు. మా ఓడ గూడ గట్లనే షెడ్డు నేల మీద పుట్టింది. గాలి శుభ్రం చేసే ఫ్యాను నేను పడక వెనక పెట్టిన. ఉస్తాద్ నా చేతికి పానా ఇచ్చి, ఆ గీతల నడుమ పండుకొని ఫ్యాను విప్పినట్టు చెయ్యమన్నడు. గీత దాటకుండ మోచెయ్యి తిరగలే.

"అక్కడ బరువుండదు ఉస్తాద్, అంత తేలుతది" అని గొప్పకు పోయిన.

"తేలితే ఇంకా కష్టం గదరా పైలట్! పానా తిప్పితే బోల్టు తిరగదు, నువ్వు తిరుగుతవ్. కాలు దేనికి ఆనిస్తవ్?"

ఆకాశం గురించి ఒక్క ముక్క చదవని మనిషి. బురదల కోతమిషన్ కింద పండుకొని, టైరుకు కాలు తన్నిపెట్టి బోల్టులు విప్పిన మనిషి. ఆనాటి సంది ప్రతి మిషన్ పక్కన కాలు దూర్చే పట్టీ గీసినం. చెయ్యి పోని చోట ఏదీ పెట్టలే.

ఒక కాలేజీ పెట్టిన పోటీల మా డిజైన్ ప్రదర్శనకు ఎంపికైంది, ఆ పట్టీల వల్లనే. మా ఫారం చూసిన ఆ కాలేజీ సారు, "ఈ రెండో పేరు ఎవరిది? చదువు గడి ఖాళీగ ఉన్నది. మెకానిక్ అని రాస్తే జడ్జీలు లెక్కచెయ్యరు" అన్నడు. నాకు కోపం రావాలె. రాలే. "తీసేయండి సార్" అన్న. చదువు లేదని నన్ను చూసి నవ్వినోళ్ల మీద ఏండ్లకేండ్లు పండ్లు కొరికిన. ఆ పనే నేను ఆయనకు చేసిన.

ప్రదర్శన నాడు ఆయన ఇస్త్రీ అంగీ వేసుకొని బస్సుల వచ్చిండు. మా డ్రాయింగ్ అతికించిన బోర్డు మీద వేలు పెట్టి పైనుంచి కిందిదాక చదివిండు. మళ్లొకసారి చదివిండు.

"నన్ను అంగారకుడి మీదనే దింపి వచ్చినవా రా?" అని నవ్విండు. పక్కనున్నోళ్లు నవ్విండ్రు. నేనూ నవ్విన. గా నవ్వే ఇప్పుడు నన్ను తింటున్నది.

తర్వాత ఒక్కసారి అడగలే. తెల్లారి షెడ్డుల, "పైలట్, చాయ్ తాగినవా?" అన్నడు. తిడితే బాగుండు. కోతల సీజన్ అయినంక కాలేజీకి పోయి చెప్త అని నాకు నేనే వాయిదా వేసుకుంట పోయిన.

ఆ కాలేజీ సారూ, ఇది మీకు. ఎంపికైన డిజైన్లన్నీ పుస్తకంగ అచ్చు వేస్తున్నరని విన్న. అండ్ల ఆయన పేరు ముందు ఉండాలె, నాది కింద. చదువు గడిల 'వరికోత మిషన్ల మెకానిక్' అని పూర్తిగ రాయాలె. శుక్రవారం సాయంత్రం ఐదింటి లోపు జవాబియ్యండి. లేకుంటే శనివారం మొదటి బస్సుకు వస్త. మీ గోడ మీది డ్రాయింగ్ దించి, చుట్టి, చంకల పెట్టుకొని, మీ పిల్లలందరి నడుమలకెల్లి నడుచుకుంట తీస్కపోత.