మసిలే నీళ్ళ దగ్గర హుసేన్‌బీ అక్క

నా పేరు కోటమ్మ. నేను చదివింది అయిదో తరగతి. ఇలా కాగితం మీద రాయడం ఇదే మొదలు. ఒత్తులూ దీర్ఘాలూ తప్పిపోతే తిట్టుకోకుండా చదవండి. మొన్న మనవరాలు కొత్త కరెంటు కెటిల్లో నీళ్ళు పెట్టింది. అడుగు నుంచి సన్నటి చప్పుడు మొదలై, కాసేపటికి నీళ్ళు కుతకుతా మసిలాయి. అది వినగానే నా కళ్ళు గోడ గడియారం మీదికి పోయాయి. అలా చూడటం నాకు నేర్పింది హుసేన్‌బీ అక్క.

ఎనభైల్లో గురజాలలో ఒక చిన్న ఆసుపత్రిలో నేను ఆయాగా చేరాను. అంతకు ముందు నాపరాళ్ళ క్వారీలో రాళ్ళు మోసేదాన్ని. అక్క అక్కడ నర్సు. వస్తూనే బుర్ఖా తీసి మేకుకు తగిలించి, తెల్లచీర కొంగు దోపుకొని పనిలోకి దిగేది. అప్పట్లో గాజు సిరంజీలే. ఒకరికి వాడాక కడిగి, నీళ్ళలో మసలబెట్టి, ఇంకొకరికి వాడాలి. ఆ పని నాది. చేరిన కొత్తలోనే ఒక సిరంజీ లోపలి గొట్టం సగంలో బిగుసుకుపోయింది. సూది రోగి జబ్బకు గుచ్చే ఉంది, మందు దిగదు. డాక్టరు గారికి కోపం వచ్చింది. కడగడం చేతకాకపోతే మానెయ్యమన్నారు. మళ్ళీ క్వారీకి పోవాలేమో అనుకుంటూ ఆ సిరంజీని ఇంకోసారి కడిగాను.

ఆ సాయంత్రం అక్క నన్ను స్టవ్వు దగ్గరికి పిలిచింది. ఒక గిన్నెలో బోరు నీళ్ళు, ఇంకో గిన్నెలో పట్టి ఉంచిన వాననీళ్ళు పోసి, రెండూ ఇగిరిపోయేదాకా కాచింది. బోరు నీళ్ళ గిన్నెలో సున్నం పూసినట్టు తెల్లటి పొర మిగిలింది. రెండో గిన్నె శుభ్రంగానే ఉంది.

"చూశావటే? నీ చెయ్యి మంచిదే. మన నీళ్ళే మంచియి గావు. ఈ పొరే సిరంజీలో పట్టి బిగిసింది."

"తేటగానే ఉన్నయ్ గదక్కా?"

"ఉప్పేసిన నీళ్ళు గూడా తేటగానే ఉంటయ్. నీళ్ళు ఆవిరై పోతయ్, రాయి పోదు. మీ క్వారీ రాయేనే ఇది. నిన్ను ఇడిసిపెట్టలేక ఈడదాకా వచ్చింది."

ఇద్దరం నవ్వుకున్నాం. మర్నాడు ఆ గిన్నె డాక్టరు గారికి చూపిస్తే, ఆయన డాబా మీద వాననీళ్ళకు పీపా పెట్టించారు. నా పని నిలబడింది.

తర్వాత అక్క నాకు మసలడం అంటే ఏమిటో నేర్పింది. గిన్నె అడుగున చిన్న బుడగలు అంటుకోవడం మసలడం కాదు, అది నీళ్ళలో ఉన్న గాలి. చప్పుడు చేసినా కాదు. నీళ్ళన్నీ కిందా మీదా తిరగబడాలి. అప్పటి నుంచి గడియారం చూసి ఇరవై నిమిషాలు మసలనివ్వాలి. మధ్యలో గిన్నెలోకి ఇంకో సూది వేసి మసలు ఆగితే మళ్ళీ మొదటి నుంచి. ఎందుకింత పట్టింపని అడిగితే, జబ్బ మీద గుంట చూపించింది. "చిన్నప్పుడు ఎవురో తొందరపడి ఏసిన సూది. గడ్డ లేచి నెల రోజులు మంచంలో ఉన్నా."

ఒకరోజు మాచవరం వైపు నుంచి ఒక పెద్ద రైతు మనవణ్ణి ఎత్తుకొచ్చాడు. పిల్లాడు జ్వరంతో కాలిపోతున్నాడు. డాక్టరు గారు సూదిమందు రాసి లోపల కాన్పు చూడటానికి వెళ్ళారు. నేను అప్పుడే గిన్నె స్టవ్వు మీద పెట్టాను.

"ఏమే, బుడగలొస్తున్నయ్ గదా. తే ఇటు."

"కాగినయ్యండి. ఇంకా మసల్లా."

"నాకు నువ్వు చెప్పొచ్చావా? రేపు ఈడ పనిలో ఉండాలని లేదా?"

నా చెయ్యి సిరంజీ పట్టి తీసే చిమటా మీదికి పోయింది. అక్క జబ్బ మీద గుంట గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నాను. అక్క పిల్లాడి నుదుటి మీద తడిగుడ్డ వేస్తూ, తల ఎత్తకుండానే అంది:

"కూర్చో పెద్దయ్యా. కోటమ్మ ఇస్తేనే నేను సూది పట్టుకునేది."

ఆయన కూర్చోలేదు. పళ్ళు కొరుకుతూ నిలబడ్డాడు. నీళ్ళు తిరగబడ్డాయి. గడియారం చూసి, టైము అయ్యాక తీసి ఇచ్చాను. సిరంజీ వెన్నలా కదిలింది.

రెండో సూదికి వచ్చినప్పుడు పిల్లాడు నడిచి వచ్చాడు. పెద్దాయన తిన్నగా స్టవ్వు దగ్గరికి వచ్చి, గిన్నెలోకి వంగి చూసి, "మసిలినయ్యా అమ్మాయ్?" అన్నాడు. అక్క అటు తిరిగి నవ్వు ఆపుకుంది.

అక్క పోయి చాలా ఏళ్ళయింది. సిరంజీలు ఇప్పుడు వాడి పారేసేవే. నేను మాత్రం ఎవరు తొందరపెట్టినా నీళ్ళు తిరగబడేదాకా గిన్నె దించను. ఈ రాతలో తప్పులుంటే మన్నించండి. అక్క దగ్గర నేర్చుకున్నాక, మసలని సూది మాత్రం ఒక్కటీ నా చేతి మీదుగా పోలేదు.