ఎద్దు పోయిన జాగ

మా సార్ పోయారని మొన్న యాకుత్‌పురా నుంచి ఫోన్ వచ్చింది. ఈమధ్య ఏ కబురూ నన్ను పెద్దగా కదిలించడం లేదు. ఇది మాత్రం కదిలించింది.

తొంభైల్లో పురావస్తు శాఖలో ఆయన కింద ట్రేసర్‌గా చేరాను. కొండరాళ్ల మీద ఆదిమానవులు గీసిన ఎద్దులను, జింకలను పలచటి కాగితం మీదికి ఎక్కించడం మా పని. మొదటి నెలలోనే అతితెలివికి పోయి, సగం చెరిగిపోయిన ఎద్దుకు వెనక కాలు నేనే గీసిపెట్టాను. సార్ కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, "ఏంది బిడ్డా, లేని కాలు ఎక్కడికెల్లి తెచ్చినవ్? రాయి మీద ఎంతుంటె గంతే గీయాలె. పోయింది పోయినట్టే ఉండనీ," అన్నారు. మళ్లీ మూడుసార్లు గీయించారు. లోపల తిట్టుకున్నాను కూడా.

ఆదివారాలు వాళ్లింటికి వెళ్తే తన సొంత బొమ్మలు చూపించేవారు. అట్టల మీద ఎర్రమట్టి రంగుతో ఒక వీపు గీత, ఒక కొమ్ము వంపు, మిగిలినదంతా ఖాళీ.

"ఇది ఎద్దా సార్?"

"ఎద్దు పోయింది. దాని జాగ ఉన్నది. మోడ్రన్ ఆర్టని లొల్లి జేస్తరు గని, ఎండా వానా గా రాళ్ల మీద ఎప్పుడో చేసి పెట్టినయ్."

ఆ అట్టలను నాకు తప్ప ఎవరికీ చూపించలేదు.

ఉద్యోగం మానేసి నేను వేసిన నైరూప్య చిత్రాల్లో ఉన్నదంతా ఆ గీతా, ఆ ఖాళీయే. ప్రదర్శనలో పేపరాయన, "ఈ ఖాళీ మీకెలా తట్టింది?" అని అడిగితే, "లోపల్నుంచి వచ్చింది," అన్నాను. సార్ నా వెనకే నిలబడి ఉన్నారు. వెళ్లేటప్పుడు నా తల నిమిరి, "మస్తుగేసినవ్ బిడ్డా," అన్నారు. నాలుగు తిట్టినా ఇంత సిగ్గు ఉండేది కాదు. ఆ తర్వాత ఆ ఇంటికి వెళ్లడానికి మొహం చెల్లలేదు.

నిన్న వెళ్లాను. సార్ భార్య లోపలి గదిలోకి తీసుకెళ్లింది. అట్టలన్నీ గోడకేసి తిప్పి ఉన్నాయి. ఆమె ఒకటి తీసి చూసి, "ఇవి నీవేనా బిడ్డా? పేపర్ల పడ్డ నీ బొమ్మ లెక్కనే ఉన్నయి. తీస్కపో," అంది.

ఔననడం ఎంత తేలికో.

"కాదమ్మా. సార్ వేసినవి. ఆయన్ని చూసే నేను వేశాను. ఆ మాట ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు."

ఆమె దుపట్టా చెంగుతో దుమ్ము తుడుస్తూ, అట్టలను ఒక్కొక్కటే మా వైపు తిప్పి నిలబెట్టింది.