పదహారు పేజీల ఆవిడ

మందుల షాపాయనకి ఆ వీధిలో ఒకటే పేరు, చేదుమాత్ర. అమ్మే మందుల వల్ల కాదు, రాసే రాతల వల్ల. ఆదివారం పేపర్లో కొత్త నవలల మీద ఆయన సమీక్ష పడిందంటే, ఆ రచయిత ఇంట్లో రెండు పూటలు పొయ్యి వెలగదని చెప్పుకునేవారు. వెలక్కపోతే పోనీ! ఆయనకి పుస్తకమంటే ప్రాణం. అందుకే చెత్త పుస్తకం చూస్తే ఒళ్లు మంట. దగ్గు మందుల అరలో సగం నవలలే. ఎవరైనా వచ్చి జ్వరం బిళ్లలు అడిగితే "ఒక్క నిమిషం, ఈ పేరా అవనీ" అనేవాడు. జ్వరం వాళ్లు పాపం బల్ల మీద కూర్చునేవారు.

అలాంటి మనిషికి సొంత బావమరిదే నవల రాసుకొచ్చి, అచ్చుకి ముందు "బావా, ఒకసారి చూడు" అని రాతప్రతి చేతిలో పెడితే ఏం చేస్తాడు? చూశాడు. అంతా సాగదీసిన జిగురే, ఒక్క అధ్యాయం తప్ప. అందులో కథానాయకుడి అక్క వస్తుంది. అక్కంటే ఇంకెవరో కాదు, మందుల షాపాయన భార్యే. కిందటేడు పోయింది. చిన్నప్పుడు తమ్ముడికి జబ్బు చేస్తే మంచం పక్కన కూర్చుని కథల పుస్తకం చదివి వినిపించేదట. కథలో కుక్క చచ్చిపోయే చోటు రాగానే, చదువుతున్నట్టే నటిస్తూ, కుక్క లేచి తోకాడించుకుంటూ ఇంటికొచ్చిందని సొంతంగా అల్లేసేదట. తమ్ముడు పెద్దయ్యాక ఆ పుస్తకం తనే చదివి, నిజం తెలిసి, అక్కని తలుచుకుని వెక్కి వెక్కి ఏడ్చాడట.

ముప్పై ఏళ్లు కాపురం చేసిన మొగుడికి ఈ సంగతి తెలియదు. ఒక్కనాడైనా నోరు విప్పి చెప్పలేదు ఆ మహాతల్లి. మనిషి పోయాక కూడా ఆవిడ గురించి కొత్త సంగతి ఒకటి దొరికిందని ఆయన పొంగిపోయాడు. షట్టరు సగం దించి, ఆ కాగితాలు మళ్లీ మళ్లీ చదువుకుని, బంగారంలా తిరిగిచ్చాడు.

పుస్తకం అచ్చయి వచ్చింది. ఆయన గబగబా అక్క అధ్యాయం తీశాడు. అక్క లేదు. "మొదటి వారంలో కోడిపిల్లలకు నీటి తొట్టెలు నేలకు ఆనించి పెట్టవలెను" అని ఉంది. పేజీ తిప్పితే దాణా. ఇంకో పేజీ తిప్పితే రెట్ట ఎత్తే పద్ధతి. పదహారు పేజీలు, అంటే ప్రెస్సువాళ్లు ఫారం అంటారే, ఆ ఫారం మొత్తం కోళ్ల పెంపకమే! అది అయ్యాక నవల మళ్లీ, "ఆ కుక్క చచ్చిపోలేదు" అని ఎక్కణ్ణించో ఊడిపడినట్టు మొదలైంది. అయ్యో, వీడు గుండెలు బాదుకుంటుంటాడు అనుకుని ఫోన్ చేశాడు. బావమరిది ఎత్తలేదు. సన్మానాల్లో ఉన్నాడు మరి.

అవును, సన్మానాలే. సమీక్షలు అలా వచ్చాయి. కోళ్ల గూడు ఆధునిక మానవుడి బందిఖానాకి ప్రతీక అని ఒకాయన రాశాడు. కోళ్ల మధ్యకి హఠాత్తుగా కుక్కని తేవడం అపూర్వ శిల్పమని ఒకావిడ రాసింది. ఇంకో పెద్దమనిషి అయితే, రెట్టను ఇంత నిర్భయంగా వాడిన రచయిత మరొకరు లేరన్నాడు. రెట్టట! నిర్భయమట! చేదుమాత్ర పేపరు విసిరికొట్టాడు. ఇన్నేళ్లూ వీళ్ల పక్కనేనా తన పేరు అచ్చయింది? ఛీ!

నాలుగు రోజులకి బావమరిది మెడలో కండువాతో షాపుకొచ్చాడు.

"బావా, నీ సమీక్ష ఎప్పుడు?"

"ఒరేయ్, నీ నవల్లో కోళ్లున్నాయిరా."

"మెల్లిగా, మెల్లిగా!" అని వాడు వెనక్కి చూసుకున్నాడు. "నాకు తెలుసులే. మొదట ప్రెస్సు మీదికి దెబ్బలాటకే బయల్దేరా. ఈలోగా సమీక్షలొచ్చాయి. ఇప్పుడు పొరపాటంటే రాసినవాళ్ల పరువేం కాను, నా పరువేం కాను? రెండో అచ్చులోనూ కోళ్లే ఉంటాయి."

"మరి అక్క?"

"అక్క అధ్యాయం కాస్త పాత తరహాలే బావా. ఏడుపు ఎక్కువైంది."

"పోనీ ఆ కాగితాలు నాకివ్వు."

"ప్రెస్సులోనే ఉండిపోయాయి. ఈపాటికి చిత్తుకి పోయుంటాయి."

ఆయనకి అరికాలి మంట నెత్తికెక్కింది. సొంత అక్క! పాలు పట్టి, ఒళ్లో పడుకోబెట్టుకుని పెంచిన అక్క! "నీ మొహం నాకు చూపించకు, నడు" అని షట్టరు దించేశాడు. వాడి కండువా అందులో ఇరుక్కుంటే మళ్లీ ఎత్తాల్సి వచ్చింది. దానికీ ఒళ్లు మండింది.

అట్నుంచి అటే ప్రెస్సుకి పోయాడు. కాగితాలు నిజంగానే చిత్తుకి పోయాయి. టైపు చేసింది కూడా అచ్చవగానే తుడిచేశారు. బైండింగు చేసేవాడు మాత్రం తల గోక్కుంటూ, "ఆ రోజు రెండు పుస్తకాల ఫారాలు ఒకే బల్ల మీద పెట్టామండీ. అటువి ఇటు కుట్టేశాం" అన్నాడు.

"అయితే ఇటువి?"

"ఎక్కడికి పోతాయండీ? కోళ్ల పుస్తకంలోకే పోయుంటాయి. అవి దాణా కొట్లో అమ్ముతున్నారు."

చేదుమాత్ర ఆయాసపడుతూ కోళ్ల దాణా కొట్టుకి చేరాడు. కొట్టు మూల ఆ పుస్తకాలు గుట్టగా పడున్నాయి.

"వద్దండీ, అవి తీసుకోకండి" అన్నాడు కొట్టతను. "మధ్యలో ఎవరో అక్కా తమ్ముళ్ల కథ దూరింది. కొన్నవాళ్లంతా తిట్టి వెనక్కిచ్చేశారు."

ఆయన దాణా బస్తా మీద కూలబడి తెరిచాడు. టీకాల పట్టిక పక్కన ఆవిడ ఉంది. జబ్బుపడ్డ తమ్ముడి పక్కన కూర్చుని, ఒక్క అక్షరం పోకుండా ఉంది. ఆయన ముక్కు ఎగబీల్చుకుంటూ చివరిదాకా చదివాడు. "ఇప్పటికీ ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఒకటే" దగ్గర పేజీ అయిపోయింది. తర్వాతి పేజీలో కోళ్లకి పేలు.

"ఆ కుక్క చచ్చిపోలేదు" అన్నాడు ఆయన పైకే.

"ఏ కుక్కండీ?" అన్నాడు కొట్టతను.

ఆ ఆదివారం ఆయన సమీక్ష నవల మీద కాదు, కోళ్ల పెంపకం పుస్తకం మీద పడింది. ఈ ఏడాది తాను చదివిన ఒకే ఒక్క మంచి కథ అందులో ఉందనీ, దాణా కొట్లో దొరుకుతుందనీ, కోళ్ల గురించి చెప్పినవి కూడా నిజాలేననీ రాశాడు. జనం దాణా కొట్టు మీద పడ్డారు. గుట్ట కరిగిపోయింది. ఎవరు రాశారా కథ అని ఊరంతా ఒకటే ఆరా.

మర్నాడు పొద్దున్నే బావమరిది కండువా లేకుండా వచ్చాడు. బల్ల మీద జ్వరం వాళ్ల పక్కన కాసేపు కూర్చున్నాడు. తర్వాత కౌంటరు మీదికి వంగి, గొంతు తగ్గించి, "బావా, ఆ పదహారు పేజీలూ నావని నువ్వైనా చెప్పు" అన్నాడు.

చేదుమాత్ర చదువుతున్న పేజీలోంచి తలెత్తలేదు.

"నీవెందుకవుతాయిరా? నీవి కోళ్లు కదా."